బండిలో బస: సామానుకెంత చోటు, మనిషికెంత చోటు?

మోటారు వ్యానులోనే పడక, పొయ్యి, నీళ్ళ తొట్టి, బట్టల అర అమర్చుకొని ఊళ్ళు తిరిగే పద్ధతి పాశ్చాత్య దేశాలలో చాలా కాలంగా వాడుకలో ఉన్నది. అటువంటి బండిని వారు క్యాంపర్‌వ్యాన్ అంటారు. మన దేశంలో కారవాన్ అనే మాట ఎక్కువగా వినబడుతున్నది. 2021లో కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు ఈ రకం యాత్రలను ప్రోత్సహించడానికి ప్రత్యేక విధానాలు ప్రకటించాయి. బెంగుళూరులో ఇవి అద్దెకు కూడా దొరుకుతున్నాయి. మన సంఘం కుటుంబాలలో కూడా, తిరుపతికో, మంత్రాలయానికో, శ్రీశైలానికో బండిలోనే వండుకొని బండిలోనే పడుకొని వెళ్ళి వద్దామనే ముచ్చట ఈ మధ్య తరచుగా వినబడుతున్నది.

ముచ్చట మంచిదే. అయితే బండి కొనేవారైనా, అద్దెకు మాట్లాడుకొనేవారైనా మొదట అడిగేది ఇంజను సంగతి, నూనె ఖర్చు సంగతి, బాడుగ సంగతి. ఆ తరువాత అడిగేది, "ఎన్ని అరలున్నాయి? ఎంత సామాను పడుతుంది?" అని. ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. సామానంతా సర్దిన తరువాత మనుషులు నిలబడడానికీ, తిరగడానికీ, ఒంగి లేవడానికీ ఎంత నేల మిగులుతుంది? రెండవ రాత్రికి గాని ఈ ప్రశ్న తోచదు. అప్పటికి బండి కొండ దారిలో ఉంటుంది. వడ్రంగి ఊళ్ళో ఉంటాడు.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు

వ్యాను కొత్తది కావచ్చును గాని, ఇరుకు మనకు కొత్తది కాదు. మన పెద్దలలో చాలామంది బెంగుళూరు వఠారాలలో, బొంబాయి చాళ్ళలో, పదడుగుల గదిలో ఆరుగురు పిల్లలను పెంచినవారే. బొంబాయిలో 1920 ప్రాంతాలలో కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. పగలు అదే వంటిల్లు, అదే చదువుల గది. చుట్టం వస్తే అదే సావడి. రాత్రి చాపలు పరిస్తే అదే పడకటిల్లు. ఒక్క గది నాలుగు గదులుగా ఎట్లా మారింది? నేల ఖాళీగా ఉండబట్టి మారింది. ఆ గది నడుమ ఒక పెద్ద మంచం శాశ్వతంగా వేసి ఉంచితే అది ఒక్క పడకటిల్లుగానే మిగిలిపోయేది.

అంతకు పూర్వపు గూడు బండిని జ్ఞాపకం చేసుకోండి. తీర్థానికి పోయేటప్పుడు బండి అడుగున గడ్డి పరిచి దానిపై జంబుఖానా వేసేవారు. సామాను అంచులకు చేర్చేవారు. లాంతరు బండి కింద వ్రేలాడేది. నడుమ మాత్రం మనుషులకే.

ఇంట్లో కూడా అంతే. పాలు పెరుగు ఉట్టి మీద, ఏడాదికొకసారి దించే గుండిగలు అటక మీద, దీపం గోడ గూట్లో, తడి బట్టలు దండెం మీద. ఇవేవీ నేలను ముట్టుకోవు. నేలను ముట్టుకొనే పెద్ద వస్తువు ఒక్క భోషాణం. అదైనా ఊరికే కూర్చునేది కాదు. లోపల ధాన్యమో, బట్టలో, పత్రాలో ఉంటే మీద తాతగారు పడుకొనేవారు. ఈనాటి క్యాంపర్‌వ్యానులో కూర్చునే బల్ల కింద సామాను దాచే ఏర్పాటు చూసి, "ఎంత తెలివి!" అని మనవాళ్ళు మెచ్చుకుంటున్నారు. అది మన భోషాణమే సుమండీ!

లెక్క వేసి చూద్దాం

గుమాస్తాగిరీ చేసేవాణ్ణి కనుక నాకు లెక్క వేస్తే గాని తృప్తి ఉండదు. డ్రైవరు సీటు వెనుక పది అడుగుల పొడుగు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న వ్యాను ఒకటి అనుకుందాం. నేల మొత్తం 55 చదరపుటడుగులు.

ఇద్దరు పడుకొనే మంచం, ఆరడుగులు పొడుగు నాలుగడుగులు వెడల్పు: 24. వంట గట్టు, నాలుగడుగులు పొడుగు అడుగున్నర లోతు: 6. చిన్న మరుగు గది, మూడడుగులు రెండున్నర అడుగులు: 7½. బట్టల బీరువా, రెండడుగులు అడుగున్నర: 3. మొత్తం 40½. మిగిలిన నేల 14½ చదరపుటడుగులు. రెండడుగుల వెడల్పున ఏడడుగుల చిల్లర నడవ, అంతే.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. "ఇంకొక మూడు చదరపుటడుగుల బీరువా పెడితే ఏం పోయింది? యాభై అయిదులో మూడే కదా, పద్దెనిమిదో వంతు" అని వడ్రంగి అంటాడు. అది తప్పు లెక్క. ఆ మూడడుగులూ యాభై అయిదులోనుంచి పోవు. మంచం తగ్గదు, పొయ్యి గట్టు తగ్గదు. అవి మిగిలిన పధ్నాలుగున్నరలోనుంచే పోతాయి. అంటే మనిషి నిలిచే చోటులో అయిదో వంతు ఒక్క దెబ్బతో పోయినట్లు. ఇంటి ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలిన పైకంలోనుంచే కొత్త అప్పు తీరాలి. జీతం మొత్తం చూసుకొని అప్పు చేసేవాడు నెలాఖరుకు తెల్లమొహం వేస్తాడు. బండి నేల సంగతీ అంతే.

జర్మనీ బండి చెప్పే పాఠం

ఈ విద్యలో పేరు పొందిన బండి జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ వ్యాను. అది 1950లో తయారు కావడం మొదలైంది. పొడుగు సుమారు పధ్నాలుగడుగులు మాత్రమే. వీడెన్‌బ్రుక్ పట్టణంలోని వెస్ట్‌ఫాలియా అనే బండ్ల కంపెనీ 1951లో దానికి "క్యాంపింగ్ బాక్స్" అనే సరంజామా తయారుచేసింది. అందులోని ముఖ్య విశేషం, దానిని బండిలోనుంచి ఊడదీయవచ్చు. వారమంతా బండి సరుకులు మోస్తుంది. సెలవు రోజున ఆ పెట్టెలు లోపల అమర్చుకుంటే కూర్చునే బల్లలు, పడక, గిన్నెల అర అన్నీ వస్తాయి. యుద్ధం ముగిసి ఆరేళ్ళే అయిన కాలం. ఇద్దరికి రెండు బండ్లు కొనే స్తోమతు లేని జనం. ఒక్క బండే సరుకుకూ, సంసారానికీ పనికి రావాలి. ఆ అవసరమే ఖాళీ నేల విలువ వారికి నేర్పింది.

ఆ బండికి ఇంజను వెనుక ఉండేది. అందువల్ల వెనుక భాగంలో మోకాలెత్తు అరుగు వంటిది మిగిలింది. దానిని వారు వృథా పోనివ్వలేదు. దానిపై సగం పరుపు వేశారు. ముందున్న బల్లను లాగి పరిస్తే రెండవ సగం అయింది. పగలు బల్ల మడిస్తే నేల తిరిగి వచ్చింది. తరువాతి కాలంలో నిలబడితే తల తగులుతున్నదని పైకి లేచే కప్పు పెట్టారు. బండి నడిచేటప్పుడు కప్పు దిగి ఉంటుంది. ఆగినప్పుడు లేస్తుంది. ఆగినప్పుడే కదా మనిషి నిలబడేది!

జపానులో ఇంకా చిన్న బండ్లలో ఈ పని చేస్తున్నారు. అక్కడి కేయ్ తరగతి బండి 3.40 మీటర్ల పొడుగు, 1.48 మీటర్ల వెడల్పు దాటకూడదు. మన ఊళ్ళలో 1984 నుంచి 2019 దాకా తయారైన మారుతి వ్యాను ఆ వంశంలోనిదే. అంత చిన్న బండిలో కూడా ఇద్దరికి పడక అమరుస్తున్నారంటే, కిటుకు బండి పొడుగులో లేదు, ఒక్క వస్తువు చేత రెండు పనులు చేయించడంలో ఉన్నది.

మంచం దగ్గరే అసలు తగువు

బండి లోపలి అమరిక విషయంలో వాదమంతా చివరికి మంచం దగ్గరికే చేరుతుంది. మంచం రెండు రకాలు. ఒకటి, ఎప్పుడూ వేసి ఉండేది. రెండవది, పగలు బల్లగా మడిచి రాత్రి పరిచేది.

వేసి ఉండే మంచం 24 చదరపుటడుగులు తింటుంది గాని, దాని కింద అడుగున్నర ఎత్తు ఖాళీ ఉంటే 36 ఘనపుటడుగుల అర ఉచితంగా వస్తుంది. మడిచే మంచం పగలు రెండడుగుల వెడల్పు బల్ల అవుతుంది. 12 చదరపుటడుగుల నేల తిరిగి వస్తుంది. కాని దాని కింది అర 18 ఘనపుటడుగులే. మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు గల ట్రంకు పెట్టె నాలుగున్నర ఘనపుటడుగులు. కాబట్టి నాలుగు ట్రంకు పెట్టెలు వదులుకుంటే పన్నెండు చదరపుటడుగుల నేల వచ్చిందన్న మాట. బేరం బాగానే ఉన్నది. అయితే ఈ బేరంలో కూలి ఒకటున్నది. రోజూ రాత్రి బల్ల పరచాలి, పరుపులు జోడించాలి. పొద్దున మళ్ళీ మడవాలి. దుప్పట్లు, దిండ్లు ఎక్కడో పెట్టాలి. ఆ చోటు ముందుగా చూసుకోకపోతే అవి డ్రైవరు సీటు మీదికి చేరతాయి. చిన్నవాళ్ళకు ఇది ఆట. నడుము నొప్పి గలవారికి రోజుకు రెండుసార్లు శిక్ష.

కొందరు మంచాన్ని రెండున్నర అడుగుల ఎత్తుకు లేపి, కింద గది వంటి అర చేసుకుంటారు. సామాను బాగా పడుతుంది. కాని లోపలి ఎత్తు ఆరడుగులైతే పరుపు పోను పైన మూడడుగుల చిల్లరే మిగులుతుంది. పొడుగరి లేచి కూర్చుంటే కప్పు తగులుతుంది. పెద్దవాళ్ళు ఎక్కనే లేరు.

ముగ్గుతో వేసిన బండి

మా కచేరీలో పెద్ద గుమాస్తాగా చేసి పెన్షను పుచ్చుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. మేమంతా ఆయనను గురువుగారూ అనే పిలుస్తాము. ఆయన భార్యకు మోకాళ్ళ జబ్బు. చేతికర్ర లేనిదే నడవలేరు. అనంతపురం జిల్లాలో ఆమె పుట్టింటివారి ఊళ్ళో కులదైవం గుడి ఉన్నది. తొమ్మిదేళ్ళుగా ఆమె అక్కడికి పోలేదు. బస్సు ఎక్కలేరు. రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది కనుక తెలియని చోట బస చేయలేరు. "ఇక నా బొందిలో ఊపిరుండగా ఆ గుడి చూడను" అని ఆమె అన్న మీదట ఆయన పాత పన్నెండు సీట్ల వ్యాను ఒకటి కొన్నారు. నేను పైన చెప్పిన కొలతలకు అది ఇంచుమించు సరిపోతుంది.

ఒక ఆదివారం ఆయన ప్లాను కాగితం నా ముందు పరిచారు. "ఏమోయ్, చూశావా! పదకొండు అరలు వచ్చాయి. పిన్నీసు మొదలు పీట దాకా దేని చోటు దానిదే" అన్నారు. నిజానికి ముచ్చటగానే ఉన్నది. ఆమె లోపలినుంచి వచ్చి కాగితం కేసి చూసి, "పదకొండు అరలూ బాగానే ఉన్నాయి గాని, నేను నిలబడే చోటు ఎక్కడండీ?" అన్నారు.

ఆయన నవ్వి ఊరుకోలేదు. అది ఆయన గొప్ప. మరునాడు డాబా మీద పనిమనిషి చేత బండి కొలతకు ముగ్గు వేయించారు. పది అడుగులు, అయిదున్నర అడుగులు. మంచం ఉండవలసిన చోట చాప. పొయ్యి గట్టు చోట బల్ల. బీరువా చోట నిలువుగా రెండు అట్టపెట్టెలు. మరుగు గది చోట కుర్చీ. రాత్రి దీపం తగ్గించి, ఆమె చాప మీదినుంచి లేచి కుర్చీ దాకా నడిచి చూశారు. కర్ర బీరువాకు తగిలింది. ఆయన చెయ్యి పట్టుకొని నడిపించబోతే ఇద్దరికీ చోటు లేదు. ఒక్క మనిషి పక్కకు తిరిగి నడిస్తే అడుగున్నర చాలు. కర్ర పట్టుకొన్న మనిషికీ, పక్కన ఆనుకొన్న మనిషికీ రెండుంబావు అడుగులు కావలసి వచ్చింది. ప్లానులో అక్కడ ఉన్నది అడుగు ఎనిమిది అంగుళాలు.

"బీరువా తీసేద్దాం" అన్నారామె.

"మరి బట్టలో?"

"నాలుగు చీరలకూ, మూడు పంచెలకూ బీరువా ఎందుకండీ? కొక్కేలకు రెండు గుడ్డ సంచులు తగిలిస్తే సరి."

పదకొండు అరలు ఆరయ్యాయి. అయితే అరలంటే ఆమెకు గిట్టదనుకోకండి. ఒక అర కొత్తగా ఆమే అడిగి పెట్టించుకున్నారు. పడుకొన్న చోటినుంచి చెయ్యి చాపితే అందేటట్లు మందులు, మంచినీళ్ళు, టార్చిలైటు పెట్టుకొనే చిన్న గూడు. "లేవకుండా అందేది అర. లేచి, ఒంగి, వెతికేది గోదాము" అన్నారామె. ఇన్నాళ్ళుగా రికార్డులు చూసిన నాకు ఆ మాట బాగా నచ్చింది.

నిరుడు కార్తీకంలో వారు పద్దెనిమిది రోజులు తిరిగి వచ్చారు. కులదైవం దర్శనం అయింది. ఒక సత్రం ఆవరణలో బండి ఆగి ఉండగా పగలల్లా వాన కురిసిందట. ఆ రోజు ఆమె నడుమ నేల మీద ఎత్తు పీట వేసుకొని కూర్చుని కూరలు తరిగి, పప్పు పొయ్యి మీద వేసి, సాయంత్రం దీపం పెట్టుకున్నారు. "ఆ అరలన్నీ ఉంటే రోజంతా మంచం మీదే ముడుచుకొని ఉండేదాన్ని" అన్నారు. కష్టం లేకపోలేదు. తడి బట్టలు, బురద చెప్పులు పెట్టడానికి చోటు లేక రెండు రోజులు ఇబ్బంది పడ్డారు. తరువాత మరుగు గదిలో పైన తాడు కట్టి, మెట్టు పక్కన చెప్పులకొక తొట్టి పెట్టారు. నేల కావాలని ఎంచుకొన్నవారు కొన్ని వస్తువులు వదులుకోవాలి. కొన్ని ఇబ్బందులు పడాలి. ఆ ఖరీదు ఎంతో ముందే తెలుసుకొని ఇవ్వడం మంచిది.

ఎత్తు, బరువు, బ్రేకు

ఇంట్లో అర నిశ్చలంగా ఉంటుంది. బండిలో అర కదులుతుంది. ఇక్కడే ఇంటి వడ్రంగికీ బండి వడ్రంగికీ తేడా.

బరువైనవి అడుగున ఉండాలి. నీళ్ళ డబ్బాలు, బియ్యం, బ్యాటరీ ఇవన్నీ మంచం కిందో బల్ల కిందో, వీలైనంతవరకు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ ఉండాలి. ఒక పక్కనే పేరిస్తే బండి ఒరుగుతుంది. మరీ తోకలో పేరిస్తే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. కప్పు కింది అరలలో దుప్పట్లు, తువ్వాళ్ళు వంటి తేలికైనవే పెట్టాలి. అది కూడా చేతికి అందే ఎత్తులో. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత పై అరల విషయంలో అక్షరాలా నిజం. పైగా నిద్రలో లేస్తే నుదురు తగిలే చోట పై అర పెట్టకూడదు. కాళ్ళ వైపు పెట్టుకోవాలి.

అరలకు కూడా బరువుంటుందన్న సంగతి చాలామంది మరుస్తారు. ఎనిమిదడుగుల నాలుగడుగుల ముప్పాతిక అంగుళం ప్లైవుడ్డు పలక ముప్పై కిలోలకు పైబడుతుంది. అయిదు పలకలు పట్టించారంటే, ఒక్క గిన్నె కూడా పెట్టకముందే ఇద్దరు మనుషుల బరువు బండికెక్కింది. నీళ్ళు లీటరుకు కిలో చొప్పున అరవై లీటర్లకు అరవై కిలోలు. బండి ఎంత మోయగలదో కాగితంలో రాసి ఉంటుంది. అందులోనుంచి మనుషుల బరువు, నీళ్ళ బరువు, చెక్క బరువు తీసివేస్తే మిగిలేదే సామానుకు. చోటున్నంత మాత్రాన నింపడానికి వీలు లేదు.

బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది గాని, కట్టని సామాను ఆగదు. ముందున్నవారి తల మీదికి వస్తుంది. అందుకని ప్రతి తలుపుకూ గట్టి గడియ, ప్రతి గూటికీ అంచుపట్టె ఉండి తీరాలి. నేలను ఖాళీగా వదలమన్నానని మూటలు నేల మీద వదిలి ప్రయాణం చేయరాదు.

వంట గ్యాసు గాలికంటె బరువైనది. కారితే పైకి పోదు, నేల వెంట పారి పల్లంలో నిలుస్తుంది. కనుక సిలిండరు పెట్టే అర బండి లోపలికి మూసి ఉండాలి. దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. ఆ రంధ్రానికి అడ్డంగా సంచి పెట్టి "కాస్త చోటు దొరికింది" అని సంతోషించకూడదు.

ఇంకొక మాట. స్వంత వ్యానును ఇష్టం వచ్చినట్లు మార్చడానికి చట్టం ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు విరుద్ధమైన మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతే స్పష్టం చేసింది. కాబట్టి చెక్క కొనకముందే ఆర్.టి.ఓ. కచేరీలో విచారించి, అనుమతి గల బాడీ కట్టేవారి చేత పని చేయించుకోవాలి. గురువుగారు అట్లాగే చేశారు.

రికార్డు రూము నీతి

అయితే అరలే వద్దా? అట్లా అనడం కూడా పొరపాటే. మా కచేరీ రికార్డు రూములో బీరువాల వరుసకూ వరుసకూ నడుమ దారి ఉన్నది. ఫైళ్ళు పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఆ దారిలో కూడా ఒక ర్యాకు వేస్తే పోలేదా?" అంటారు. వేస్తే ఫైళ్ళు పడతాయి. కాని వెనుక వరుసలోని ఫైలు ఇక బయటికి రాదు. రాని ఫైలు ఉన్నా లేనట్లే. దారి వృథాగా పోయిన చోటు కాదు. బీరువాలకు ప్రాణం పోసేది ఆ దారే.

దీనికి రెండవ పక్క కూడా ఉన్నది. ర్యాకులు చాలకపోతే ఫైళ్ళు గుమాస్తా బల్ల మీదికి, బల్ల మీదినుంచి నేల మీదికి వస్తాయి. అప్పుడు దారీ మిగలదు. బండిలోనూ అంతే. చోటు చూపని ప్రతి వస్తువూ తిరిగి తిరిగి నడవలోకే వచ్చి కూర్చుంటుంది. కనుక అర ఉండవలసింది నేలను కాపాడడానికి. ఎన్ని అరలు కావాలో తెలియాలంటే ముందు వస్తువుల పట్టీ రాయండి. రోజూ వాడేవి ఒక వరుస, వారానికొకసారి వాడేవి ఒక వరుస, "ఎందుకైనా మంచిది" అని పెట్టేవి ఒక వరుస. మొదటి వరుస చేతికందే చోట పెట్టండి. రెండవ వరుస మంచం కింద. మూడవ వరుసలో మందుల పెట్టె, చక్రం మార్చే సరంజామా, టార్చిలైటు ఉంచుకొని తక్కినవి ఇంట్లోనే అటకెక్కించండి. దారిలో ప్రతి ఊళ్ళోనూ అంగళ్ళున్నాయి. పది రోజుల బియ్యం ఒక్కసారే మోయనక్కర లేదు.

ఎవరికేది తగును

ఇద్దరే వెళ్ళేటట్లయితే, అందులోనూ వయసు మళ్ళినవారైతే, వేసి ఉండే మంచమే మేలు. మంచం ఎత్తు కుర్చీ ఎత్తును మించకూడదు. కింద అర వస్తుంది కనుక నిలువు బీరువా మానుకోవచ్చు. రాత్రి మంచంనుంచి మరుగు గదికి దారి సూటిగా, అడ్డు లేకుండా ఉండాలి.

పసిపిల్లలు గల సంసారమైతే మడిచే మంచం మంచిది. పిల్లలు పగలు నేల మీద ఆడాలి. వారి బట్టలు, బొమ్మలు ఎక్కువే గాని తేలికైనవి. గోడకు గుడ్డ సంచులు, పైన వల సరిపోతాయి.

నలుగురైదుగురు పెద్దవాళ్ళు పోయేటప్పుడు బండిలో అందరికీ పడక అమర్చాలని చూడకండి. అమర్చారో, నేలా ఉండదు, అరా ఉండదు. ఇద్దరు బండిలో, తక్కినవారు సత్రంలో. మన పుణ్యక్షేత్రాలలో ఆ సౌకర్యం ఉన్నది కదా.

వానాకాలంలో పోయేవారు ఎక్కువ నేల పెట్టుకోవాలి. ఎండాకాలంలో పోయేవారికి బండి బయట చెట్టు నీడే అరుగు. ఆడవారు బట్టలు మార్చుకోవడానికి మాత్రం ఏ కాలంలోనైనా లోపల, తెర చాటున, చేతులు చాపి నిలబడే చోటు ఉండి తీరాలి. పురుషులు వేసిన ప్లానులలో సాధారణంగా మరిచేది ఇదే.

అద్దె బండి తీసుకొనేవారికీ ఇదే మాట. చూడడానికి వెళ్ళినప్పుడు అరలు తెరిచి చూసి మురిసిపోకండి. ఇంటిల్లిపాదినీ లోపలికి ఎక్కించి తలుపు వేయండి. ఒకరిని పొయ్యి దగ్గర నిలబెట్టండి. ఒకరిని వారి వెనుకగా దాటి వెనక్కు వెళ్ళమనండి. ఇంట్లో అందరికంటె పెద్దవారిని మంచం మీద పడుకోబెట్టి, లేచి రమ్మనండి. వారు ఎవరి చేయీ విదిలించకుండా, దేనికీ తగలకుండా వచ్చారంటే ఆ బండి మీకు సరిపోతుంది. కొనబోయేవారు బజారుకు పోకముందు ఇంటి డాబా మీద ముగ్గు వేసి చూసుకోండి. దోసెడు పిండితో పోయే ఖర్చు. అట్టపెట్టెను పక్కకు జరపడం సులువు. మేకులు దిగిన బీరువాను జరపడం సులువు కాదు.